కట్టే వాయిదా, వేసే వాయిదా

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో పనులు వాయిదా వేసే అలవాటు మీద వచ్చిన వ్యాసం చదివాను. నిజానికి నేను చదవలేదు, మా ఆయన చదివి వినిపించారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో పాయింటు దగ్గరా ఆగి నా వంక చూస్తూ చదివారు. తెల్లవారి అయిదింటికి లేవాలట. లక్ష్యాన్ని కాగితం మీద రాసి అద్దానికి అంటించుకోవాలట. ఇరవై అయిదు నిమిషాలకు టైమర్ పెట్టుకోవాలట. పదిమందికీ చెప్పేస్తే సిగ్గుకైనా పని చేస్తామట. చివరికి వీటన్నిటికీ మూలం బద్ధకమని తేల్చేశారు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఒళ్ళు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి, కత్తిరించే పని మీకు అలవాటే.

నేను పోస్టాఫీసులో 38 ఏళ్ళు పనిచేశాను. 1984లో గుమాస్తాగా చేరి, 2022 జూన్ నెలాఖరున సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాను. సాయంత్రం లెక్క తేలకపోతే రాత్రి ఎనిమిదైనా కౌంటర్ వదల్లేదు. ఇద్దరు పిల్లల్ని పెంచాను, అత్తగారికి పదిహేనేళ్ళు మందులు టైముకి వేశాను. నన్ను బద్ధకస్తురాలని మా అత్తగారు కూడా అనలేదు. అలాంటి నేనే ఒక్క పనిని మాత్రం 35 ఏళ్ళు వాయిదా వేశాను. వీణ నేర్చుకోవడం.

మాది విజయనగరం. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు. ఘంటసాల జోలె పట్టి అన్నం అడుక్కుని చదువుకున్నది ఇక్కడే. ఈ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి సంగీతం మీద మనసు పడితే వింతేముంది? బడికి వెళ్ళే దారిలో ఆ గోడ పక్కన నడుస్తుంటే లోపల్నించి ఎవరో సంగీతంలో మొదటి పాఠమైన సరళీ స్వరాలు వాయిస్తుండేవారు. ఒకే చోట పదేపదే తప్పేవారు. నేను బయట నిలబడి, ఈసారైనా సరిగ్గా వాయిస్తారా అని చూసేదాన్ని. బడికి ఆలస్యమయ్యేది.

నాన్న జూట్ మిల్లులో పనిచేసేవారు. అడిగితే కాదనలేదు. "పది అయ్యాక చూద్దాం తల్లీ" అన్నారు. పది అయ్యాక ఇంటర్ అన్నారు. ఇంటర్ అయ్యాక ఉద్యోగం అన్నారు. ఆయనకి డబ్బు ఇబ్బంది, ఆ సంగతి నాకూ తెలుసు. ఆయన మీద నాకు కోపం లేదు. 1987లో నాలుగో పే కమిషన్ అరియర్లు చేతికి రాగానే, బొబ్బిలి దగ్గర వీణలు చేసే గొల్లపల్లి వెళ్ళి నా డబ్బుతోనే వీణ కొనుక్కున్నాను. పనసచెక్క. గుండ్రటి కుండా, పొడుగాటి మెడలాంటి దండీ అతుకు లేకుండా ఒకే మానులోంచి తొలిచిన ఏకాండి వీణ. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు దానికీ టిక్కెట్ కొట్టాడు.

వీధిలో ఒక మాస్టారమ్మ దగ్గర మూడు వారాలు నేర్చుకున్నాను. అంతలో సాలూరు ట్రాన్స్‌ఫర్ అయింది. తర్వాత పెద్దమ్మాయి కడుపున పడింది. ఆ తర్వాత సంగతి చెప్పడానికి ఏమీ లేదు, అందరి ఇళ్ళలో జరిగేదే.

వీణ మాత్రం మాతో పాటే ఊళ్ళు తిరిగింది. పాత పట్టుచీరతో గలీబు కుట్టాను. మా అత్తగారు భక్తురాలు. అది సరస్వతీదేవి కదా అని ప్రతి శుక్రవారం తుడిచి బొట్టు పెట్టేవారు. ఏటా దసరాకి పసుపు, కుంకుమ, పూలదండ, దాని ముందు కొబ్బరికాయ. ఇంట్లో అందరం దండం పెట్టుకునేవాళ్ళం. అలా 35 దసరాలు పూజ చేశాం తప్ప ఒక్కసారి మీటలేదు. పనిముట్టు కాస్తా దేవతైపోయాక ఇక దాన్ని ఒళ్ళో పెట్టుకోవడానికి చెయ్యెలా వస్తుంది?

మా చిన్నప్పుడు దెయ్యం రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. పాపం ఆ దెయ్యం రోజూ వచ్చి, చదువుకుని, సరేలే అని వెళ్ళిపోయేదట. నేను వీణకి అదే బోర్డు పెట్టాను.

రిటైరయ్యాక ఇక సాకులు మిగల్లేదు. 2022 ఆగస్టులో మొదట దాన్ని బాగు చేయించడానికి గొల్లపల్లి తీసుకెళ్ళాను. గలీబు తీసేసరికి నాకే సిగ్గేసింది. మైనం ఎండి పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయింది. తీగల కింద స్వరస్థానాలకి ఉండే ఇరవై నాలుగు మెట్లలో సగం కదులుతున్నాయి, నాలుగు అసలు లేవు. తీగలు తుప్పు పట్టాయి. దండి రెండో కొస దగ్గరుండే బుర్రకి ఎలుక కన్నం పెట్టింది. అక్కడి పెద్దాయన పాత మైనమంతా గీకేసి, తేనెమైనం కాచి బొగ్గుపొడి కలిపి, ఆ నల్లటి ముద్దని దండి మీద రెండు వరుసలుగా పరిచి, ఒక్కో మెట్టూ అందులో గుచ్చుతూ, తీగ మీటి చెవితో వింటూ, వెంట్రుకవాసి ఇటూ అటూ జరుపుతూ కూర్చున్నారు. దాన్ని మేళం కట్టడం అంటారు. నేను పక్కనే బల్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆయన ఒక పాత మెట్టు తీసి వెలుగులో పెట్టి, "ఇది ఎవరు వాయించేవారమ్మా? ఎన్నో ఏళ్ళ వీణంటున్నారు, మెట్టు మీద తీగ గాటు కూడా నేదు" అన్నారు.

"మా అమ్మాయి" అన్నాను.

అరవై ఏళ్ళ వయసులో, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర, ఊళ్ళోనే లేని కూతురి మీదకి నెట్టేసి అబద్ధం ఆడాను. నాది బద్ధకం కాదని నాకు బాగా తెలిసింది ఆ రోజే. బద్ధకస్తులకి సిగ్గేమిటి?

విజయదశమి నాడు కొత్త నోటుబుక్కు కొని, పసుపు రాసి, శ్రీకారం చుట్టి మొదలుపెట్టాను. రోజుకి గంట అని రాసుకున్నాను. సరిగ్గా నాలుగు రోజులు. దసరా వెళ్ళిన మంగళవారం మాకు పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. ఊరు ఊరంతా చుట్టాలు. మా ఇంట్లో పద్నాలుగు మంది. వీణ గదిలో పరుపులు వేశాం. వాళ్ళు వెళ్ళేసరికి పది రోజులు పోయాయి. ఆ నోటుబుక్కు తెరిస్తే నాలుగు రోజుల తర్వాత ఖాళీ పేజీలు నన్ను వెక్కిరించాయి. ఇలా కాదు, ఉగాదికి శుభ్రంగా మొదలెడదాం అనుకున్నాను. 2023 ఉగాదికి ఇంకో కొత్త నోటుబుక్కు. ఈసారి పదకొండు రోజులు నడిచింది. తర్వాత చిన్నమ్మాయికి జ్వరం అంటే బెంగళూరు వెళ్ళాను. తిరిగొచ్చాక దసరాకి చూద్దాంలే అనుకున్నాను.

ఇక్కడ మా పోస్టాఫీసు గురించి కొంచెం చెప్పాలి. నేను ఎక్కువ ఏళ్ళు కూర్చున్నది సేవింగ్స్ కౌంటర్లో. ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, కట్టించుకోవడమే పెద్ద పని. అయిదేళ్ళు, అరవై నెలలు, అరవై వాయిదాలు. పదిహేనో తేదీ లోపల తెరిచిన ఖాతాలకి పదిహేను లోపు, ఆ తర్వాత తెరిచిన వాటికి నెలాఖరు లోపు కట్టాలి. కాబట్టి పదిహేనుకీ నెలాఖరుకీ కౌంటర్ దగ్గర తిరునాళ్ళే. కూరలమ్మేవాళ్ళు, టైలర్లు, బడిపంతుళ్ళు, పాస్‌బుక్కుల కట్ట చంకన పెట్టుకొచ్చే మహిళా ఏజెంట్లు. చెమట, చిల్లర, తడి నోట్లు.

ఒక నెల తప్పిన మనిషి కౌంటర్ దగ్గరికి ఎలా వస్తాడో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. పాస్‌బుక్కు ముందు తియ్యడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అమ్మా, పోయిన్నెల కట్టనేదు. ఇది మూసేసి కొత్త బుక్కు తెరిచేస్తావా?" అంటాడు. వందకి రూపాయి రుసుం కడితే పోయేదానికి ఖాతా మూసేస్తానంటాడు! రూపాయి బరువై కాదు. పుస్తకంలో ఆ డిఫాల్ట్ గీత పడటం వాళ్ళకి ఇష్టం ఉండదు. మచ్చ లేని కొత్త పుస్తకం కావాలి. నేను ఎంతమందిని కసిరానో లెక్కలేదు. "కొత్త బుక్కు దేనికయ్యా? పాతదాంట్లోనే రూపాయి కట్టి ముందుకి నడు. నాలుగు వాయిదాలు తప్పినా ఖాతా బతికే ఉంటుంది. ఆ పైన ఆగిపోయినా రెండు నెలల్లో బకాయి కట్టి లేపుకోవచ్చు. గవర్నమెంటే నిన్ను క్షమిస్తుంటే నీకేం తొందర?" అనేదాన్ని. అలా బలవంతంగా కట్టించిన ఖాతాలు అయిదేళ్ళకి చేతికొచ్చినప్పుడు కొందరు మిఠాయి పెట్టి వెళ్ళారు.

2023 జూలైలో పాత కాగితాలు సర్దుతుంటే నా సొంత ఆర్‌డీ పాస్‌బుక్కు ఒకటి దొరికింది. పిల్లల ఫీజుల కోసం కట్టినది. అందులో మూడు చోట్ల డిఫాల్ట్ రుసుం పడి ఉంది. అయినా అరవై వాయిదాలూ పూర్తయ్యాయి. దాని కింద, అదే బీరువా అరలో, పసుపు మరకలతో రెండు వీణ నోటుబుక్కులు. ఒకదాంట్లో నాలుగు పేజీలు, ఒకదాంట్లో పదకొండు. కౌంటర్‌కి అవతలివాళ్ళకి జీవితమంతా ఏది వద్దని చెప్పానో, ఇంట్లో నేను అచ్చం అదే చేస్తున్నాను. కొత్త బుక్కు, కొత్త బుక్కు!

మన భాషలో వాయిదా అన్న మాట ఎంత చిత్రమైనదో అప్పటిదాకా నాకు తట్టలేదు. వాయిదా కడతాం, వాయిదా వేస్తాం. మాట ఒకటే. పుస్తకంలో ఒకవైపు జమ, ఇంకోవైపు బకాయి.

ఆ సాయంత్రమే వీణకి ఆర్‌డీ ఖాతా తెరిచాను. పాత నోటుబుక్కులోనే, పదకొండో పేజీ తర్వాత గీతలు గీశాను. తేదీ, వాయిదా, డిఫాల్ట్, సంతకం. గంట అన్నది కొట్టేశాను. నెలకి వంద రూపాయలతో తెరుచుకునే ఖాతాకి పదివేలు కడతానని రాసుకోవడం ఏం తెలివి? వాయిదా ఎంతంటే, పొద్దున్న పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టినప్పటినుంచి నాలుగో విజిల్ దాకా. అటూ ఇటుగా పన్నెండు నిమిషాలు. ఒక రోజు తప్పితే హార్లిక్స్ సీసాలో రూపాయి. వరసగా నాలుగు రోజులు తప్పినా ఖాతా నడుస్తున్నట్టే. అయిదో రోజూ తప్పితే ఖాతా ఆగినట్టు. ఆగినదాన్ని రెండు వారాల్లోపు లేపుకోకపోతే, వీణ లేక ఇబ్బంది పడుతున్న ఒక పిల్లకి దాన్ని ఇచ్చేయాలి. ఆ పిల్ల ఊరికే బెదిరింపు కోసం పెట్టిన పేరు కాదు, నిజంగానే ఉంది. మా గురువు దగ్గర నేర్చుకుంటోంది.

ఇంకా ముహూర్తం సంగతి. 2023లో ఆషాఢం వెనకాలే అధిక శ్రావణం వచ్చింది, గుర్తుందా? రెండు నెలలు పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఏమీ లేవు. సరిగ్గా అప్పుడే, జూలై 11న, ఆషాఢ మంగళవారం నాడు మొదలుపెట్టాను. మా అత్తగారు మంచం మీంచే "ఇవాళా?" అన్నారు. మంచి రోజున మొదలెట్టినవి రెండూ ఏమయ్యాయో చూశాం కదా అత్తయ్యా అన్నాను. ఆవిడ నవ్వారు.

మొదటి నెల నరకం. ఎడమ చేతి చూపుడువేలూ మధ్యవేలూ కొసల్లో తీగ కోసి అడ్డగీతలు పడ్డాయి. గిన్నెలు తోముతుంటే మంట. మధ్య షడ్జం, అంటే 'స', మెట్టు మీద వేలు పెట్టి నొక్కితే తీగ కిర్రుమనేది తప్ప పలికేది కాదు. కుడిచేతి రెండు వేళ్ళూ పైతీగల్ని మీటాలి, చిటికెన వేలు పక్కనున్న మూడు తాళం తీగల్ని తాళానికి తగ్గట్టు కదపాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళు స్టాంపు గుద్దిన చెయ్యి ఇది. చిటికెన వేలుకి సొంతంగా పని చెప్పడం ఇదే మొదలు. మా గురువు కూడా పాతికేళ్ళు దాటని పిల్లే, సంగీత కళాశాలలో డిప్లొమా చేసింది. వారానికి రెండు రోజులు వస్తుంది. తప్పు వాయించినప్పుడల్లా నేను ఆగి, మళ్ళీ మొదటికి వెళ్ళి, మొదటి 'స' నుంచి అందుకునేదాన్ని. నెల రోజులు చూసి చూసి ఆ పిల్ల ఒక రోజు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆంటీ, తప్పినా వెనక్కి వెళ్ళకండి. తాళం పోతూనే ఉంటుంది. పక్క స్వరం దగ్గర అందుకోండి" అంది. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పి, ఆర్‌డీ అంటే ఏమిటో వివరించేసరికి నాలుగో విజిల్ వచ్చేసింది. అన్నట్టు, మా కుక్కర్ విజిల్ పంచమానికి, అంటే 'ప' స్వరానికి, కాస్త కిందగా పలుకుతుందని కూడా ఆ పిల్లే తేల్చింది.

ఖాతా రెండుసార్లు ఆగింది. మొదటిసారి అత్తగారు పోయినప్పుడు. మైల రోజుల్లో వీణ ముట్టుకోలేదు. పన్నెండో రోజు దాటాక, ఇల్లు కడిగిన మర్నాడు కుక్కర్ పెట్టి గదిలోకి వెళ్ళాను. ఆఖరి శుక్రవారం పెట్టింది కాబోలు, కుండ మీద అత్తగారి పాత బొట్టు ఎండి అలాగే ఉంది. తుడవబుద్ధి కాలేదు. దాని పక్కనుంచే వాయించాను. రెండోసారి నా కంటి శుక్లాల ఆపరేషన్. పది రోజులు వంగొద్దన్నారు. పాత నేనైతే ఆ రెండు చోట్లా చాప చుట్టేసి, వచ్చే దసరా వంక చూసేదాన్ని. ఈసారి నోటుబుక్కులో 'ఖాతా ఆగినది' అని ఎర్ర ఇంకుతో రాసి, కింద 'పునరుద్ధరణ' అని రాసి, రుసుం కట్టి ముందుకి వెళ్ళాను. ఎర్ర ఇంకు చూస్తే నాకు ఆఫీసు గుర్తొచ్చి హాయిగా కూడా ఉంది.

2025 జూలై 10కి 731 రోజులయ్యాయి. కట్టినవి 567. తప్పినవి 164. సీసాలో 164 రూపాయలు పోగయితే పైన కొంత వేసి కొత్త తీగలు తెప్పించాను. మొదటి పాఠాలైన సరళీ, జంట, అలంకారాలు అయి, మలహరి రాగంలో రెండు గీతాలు, మోహన రాగంలో ఒకటి వచ్చాయి. మూడో కాలం, అంటే మొదటిదానికి నాలుగింతల వేగం, ఇంకా చేతికి రాలేదు. ఈ లెక్కన, గీతాలు దాటాక వచ్చే వర్ణం వాయించేసరికి నాకు డెబ్భై వస్తాయి. రానివ్వండి. వాయించినా వాయించకపోయినా డెబ్భై ఎలాగూ వస్తాయి.

మీ వ్యాసంలో పదిమందికి చెప్పమన్నారు. నా విషయంలో అది విషమే. 1987 నుంచీ నేను వీణ నేర్చుకోబోతున్నానని అందరికీ చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ సగం నేర్చేసుకున్నంత తృప్తిగా ఉండేది. ఈసారి నోరెత్తలేదు. మేడ మీద అద్దెకున్న కుర్రాడికి మాత్రం వినబడక తప్పదు. డీఎస్సీకి చదువుకుంటున్నాడు. నోటిఫికేషన్ వస్తుంది వస్తుందని ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. తనేమీ వాయిదా వెయ్యకుండానే బతుకు వాయిదా పడిపోయింది పాపం. డిస్టర్బ్ అవుతోందేమో అని అడిగితే, "లేదాంటీ, మీరు ఆపగానే నేను పుస్తకం తీస్తున్నా. మీరు మొదలెట్టకపోతే నాకే టెన్షన్" అన్నాడు.

ఈ కిటుకు అందరికీ పనిచేస్తుందని నేను అనను. మా ఆయన నా పద్ధతిలోనే వాకింగ్ ఖాతా తెరిచారు. రూపాయికి బదులు వంద నోటు సీసాలో వేసి, వంద రోజులకి అడ్వాన్సు కట్టేశానని ఇంట్లో కూర్చున్నారు. నాక్కూడా మోకాళ్ళ వ్యాయామం ఒకటి డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఎనిమిది నెలలుగా ఉంది. దాని జోలికి ఇంకా వెళ్ళలేదు. నేను అడిగేది ఒక్కటే. ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో ఒక పేరా చాలు. తప్పిపోయిన మర్నాడు ఏం చెయ్యాలో మూడు పేరాలు రాయించండి. మొదలుపెట్టడం మా అందరికీ వచ్చు. నేనే నాలుగుసార్లు మొదలుపెట్టాను.

ఇంకో సంగతి. ఆ వ్యాసం పక్కన వీణ వాయిస్తున్న అమ్మాయి బొమ్మ వేశారు. అందులో కుండ ఆ అమ్మాయికి ఎడమ వైపు, బుర్ర ఆమెకి కుడి వైపు ఉన్నాయి. అలా పట్టుకుంటే ఎడమ చేత్తో మీటాలి. ఎవరో బొమ్మని అద్దంలో తిప్పినట్టు తిప్పేశారు. రెండేళ్ళ క్రితమైతే నాకూ తెలిసేది కాదు. దయచేసి సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్,
విజయనగరం

(పేరు వేయకండి. గొల్లపల్లి పెద్దాయన మీ పేపరే చదువుతారు.)